మొగలేటికి అవతల

పోయినేడాది హైదరాబాదులో ఒక పుస్తకావిష్కరణ సభ అయ్యాక, మెట్ల మీద నిలబడి టీ తాగుతుంటే కొత్తగా పరిచయమైన మిత్రుడొకడు అడిగాడు: "మీ తిరుపతిలో పాతబస్తీ నదికి ఏ పక్కన ఉంటుంది?" అతను పుట్టి పెరిగింది మూసీకి ఉత్తరాన. ఊరంటే మధ్యలో నది ఉండాలి, దానికి అటు పాతది, ఇటు కొత్తది. అతని లెక్క అది. "మా ఊళ్ళో నది లేదు బ్రదర్, కొండ ఉంది" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రాత్రి బస్సులో నిద్ర పట్టలేదు. అబద్ధం చెప్పాను. నది ఉంది. తిరుచానూరు దాటి దక్షిణంగా పోతే స్వర్ణముఖి. దానికి అవతల, రామచంద్రాపురం మండలంలోనే మా అవ్వ ఊరు. చిన్నప్పుడు ప్రతి వేసవి సెలవులకీ దాటిన ఏరు. అట్లాంటిది నోటిదాకా కూడా రాలేదంటే ఏదో కారణం ఉండాలి కదా. కొంత నా మతిమరుపు. మిగతాది మనం చదివిన, రాసిన కథలు నేర్పిన మతిమరుపు. ఈ రెండో దాని గురించే ఇక్కడ మాట్లాడదామనుకుంటున్నాను.

ముందు మూసీ సంగతి చూద్దాం, పోలిక అక్కడే మొదలైంది కాబట్టి. హైదరాబాదు వాళ్ళు అదృష్టవంతులు. వాళ్ళ నది ఊరిని రెండు చేసి, రెండింటికీ పేర్లు, చరిత్రలు, గొంతులు ఇచ్చింది. దక్షిణాన చార్మినారు, దాని చుట్టూ దేవడీలు. ఉత్తరాన రెసిడెన్సీ, దాని బజార్లు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది ఉత్తరపు ఒడ్డునే, రెసిడెన్సీ పక్కన, రావిచెట్టు రంగారావు గారింట్లో. అది కాకతాళీయం అనిపించదు నాకు. రెసిడెన్సీ బజార్లలో చెల్లేది నిజాం ఆజ్ఞ కాదు, ఇంగ్లీషువాళ్ళ ఆజ్ఞ. తెలుగు పుస్తకానికి ఊపిరాడే జాగా నది దాటితే దొరికింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు చావు రెండు ఒడ్లనీ సమానంగా చూసింది. తర్వాత కట్టిన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి ఇప్పటికీ నదికి అటొకటి ఇటొకటి నిలబడి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. కథల్లోనూ అంతే. నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్ కథలు' రాశాడు. తనది కాని మతంవాళ్ళ ఇళ్ళలోకి, వాళ్ళ భాష తెలిసినవాడిగా, చెప్పులు గుమ్మం బయట విడిచిన అతిథిలా వెళ్ళి రాశాడు. 'యుగాంతం' చదివినవాళ్ళకి 1948 అంటే తారీఖు కాదు, స్నేహాలు తెగిన చప్పుడు. ఒక ఒడ్డు ఇంకో ఒడ్డుని అట్లా చూడగలిగిందంటే, అవతల చూడదగ్గ మనుషులున్నారని ముందే ఒప్పుకోవాలి. మా దగ్గర ఆ ఒప్పుకోలు ఇంకా జరగలేదనిపిస్తుంది.

తిరుపతిలో నది చెయ్యాల్సిన పని రైలు పట్టాలు చేస్తున్నాయి. స్టేషన్లో దిగి ఉత్తరం వైపు బయటికొస్తే గోవిందరాజస్వామి గుడి, గాంధీ రోడ్డు, తీర్థకట్ట వీధి, బేరి వీధి. సత్రాలు, లాడ్జీలు, ఇత్తడి సామాను, బొమ్మలు, పటాలు. పొద్దున నాలుగింటికే ఎవరో ఒకరు తడిగుడ్డలతో నడుస్తుంటారు. దక్షిణం వైపు దిగితే రాయలచెరువు రోడ్డు, ఆపైన కాలనీలు, అపార్ట్‌మెంట్లు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, సాయంత్రమైతే పానీపూరీ బళ్ళు. ఉత్తరం వైపు యాత్రికుడి కోసం బతుకుతుంది, దక్షిణం వైపు పిల్లల చదువుల కోసం. గేటు పడితే పది నిముషాలు రెండు తిరుపతులూ బళ్ళ మీద కూచుని ఒకదాన్నొకటి చూసుకుంటాయి. వాన పడితే అండర్‌బ్రిడ్జి చెరువైపోతుంది. 2021 అక్టోబరులో వెస్ట్‌చర్చి దగ్గరి అండర్‌బ్రిడ్జి నీళ్ళలో యాత్రికుల బండి ఇరుక్కుని, కొత్తగా పెళ్ళయిన అమ్మాయి చనిపోయింది. దేవుడి దర్శనానికి వచ్చి, మా ఊరి రెండు ముక్కల మధ్య పోయింది. ఆ దారిన రోజూ కాలేజీకి పోయినవాణ్ణి, ఆ వార్త చదివాక చాలా రోజులు అటు పోలేకపోయాను. ఆ తర్వాత 2023లో శ్రీనివాస సేతు మొత్తం తెరిచారు. దానికి ముందు గరుడ వారధి అని పేరు. ఇప్పుడు బయటినుంచి వచ్చే కారు అలిపిరి దాకా మా నెత్తిమీదినుంచే పోవచ్చు. కింద ఊరొకటి ఉందని తెలుసుకోవాల్సిన అవసరం కూడా లేదు.

అయితే ఈ పట్టాలకి అటూ ఇటూ ఉన్నది ఒకే పట్నం. అసలు గీత ఇంకా కిందికి, ఏటి దగ్గర ఉంది.

మా అవ్వ దాన్ని ఎప్పుడూ స్వర్ణముఖి అనలేదు. "ఏరు" అనేది, అంతే. ఏట్లోకి పోయొస్తా, ఏటవతల సంత, ఏరొచ్చింది. ఎండాకాలం అది నీళ్ళు లేని ఇసుక వెడల్పు. మధ్యలో చెలమలు తవ్వేవాళ్ళు. చేత్తో ఇసుక తోడితే మోచేతి లోతులో ముందు తడి, తర్వాత బురద, తర్వాత కాసేపు ఓర్చుకుంటే తేట నీళ్ళు. ఆ నీళ్ళు కొబ్బరిచిప్పతో తోడి బిందెలో పోసుకునేవాళ్ళు. ఆ ఇసుక దాటి, పాలక్యాన్లు, కూరగాయల గంపలు ఉత్తరపు గట్టుకి పోయేవి. ఉత్తరపు గట్టునుంచి డబ్బులు, మందులు, అప్పుడప్పుడూ లడ్డూ వచ్చేవి. ఉత్తరాన గోపురాలున్నాయి, వాటికి స్థలపురాణాలున్నాయి. దక్షిణాన పల్లెలున్నాయి. వాటి పేర్లు ఆ పల్లెల వాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తుండవు. పాలు ఎక్కణ్ణించి వచ్చాయని కాఫీ తాగేవాడు అడగడు కదా.

ఇంతకీ ఈ ఏటికి అచ్చ తెలుగు పేరొకటి ఉంది: మొగలేరు. కాళహస్తి ధూర్జటి వాడిన పేరు. అసలు ఈ గట్టు తేడా మీద మన భాషలో వచ్చిన గొప్ప రచన ఆయనదే అని నా అభిప్రాయం. 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం' మూడో ఆశ్వాసంలో తిన్నడి కథ. మనమంతా దాన్ని భక్తి కథగా చదివి పక్కన పెట్టేశాం. కళ్ళు పీకి ఇచ్చినవాడి కథ. స్కూలు డ్రామాల్లో ఎర్ర రంగు, కాలు ఎత్తి పెట్టడం, కర్టెన్. కానీ కళ్ళ దాకా పోకముందు చాలా జరుగుతుంది అందులో. నాకు ఆ ముందరి భాగమే ఇష్టం.

అడవిలో లింగం కనబడ్డాక తిన్నడు మొదట చేసే పని ఏంటి? పూజ కాదు. పలకరింపు. ఒంటరిగా ఇక్కడ ఏం చేస్తున్నావు స్వామీ, పులులూ సింహాలూ తిరిగే చోట, చెట్టు నీడన, ఆకలేస్తే ఎవరు పెడతారు నీకు, మా ఉడుమూరుకి రా అంటాడు. వస్తే ఏమేం పెడతాడో చెప్తాడు. మాంసాలు, రకరకాల బియ్యాలు, తేనె. తోడుగా మనుషులుంటారు, ఆడపిల్లలుంటారు, ఇల్లుంటుంది అంటాడు. ధూర్జటి ఆ పిలుపుని ఒక పద్యంతో ముగించడు. పెంచుతాడు. తిన్నడు మళ్ళీ మళ్ళీ అడుగుతుంటాడు, మనకి నవ్వొస్తుంటుంది, తర్వాత నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే దేవుడు పలకడు.

ఈ ఘట్టాన్ని అమాయకత్వం అని సరిపెట్టేస్తారు. అమాయకత్వం ఉంది, కాదనను. కానీ ఇంకో మాట కూడా ఉంది. మా ఊరికి రా అనేవాడు, ముందు మా ఊరు రాదగ్గ ఊరని నమ్మాలి. తిన్నడికి ఆ నమ్మకం పుష్కలంగా ఉంది. గుడి ఉన్న చోటే దేవుడికి సుఖమని అతనికి ఎవరూ చెప్పలేదు. తన ఊళ్ళో దొరికే వస్తువుల జాబితా ఎంత గర్వంగా చదువుతాడంటే, ఈ రోజుల్లో రియల్ ఎస్టేట్ బ్రోషర్లు కూడా అంత చదవవు. అయిదు వందల ఏళ్ళ కిందట, రాయలకాలపు కవి, అడవి పల్లెని దేవుడికి తగిన నివాసంగా నిలబెట్టాడు. దేవుడు కదలడు కాబట్టి తిన్నడే ఆగిపోతాడు. ఇల్లు, తల్లిదండ్రులు, వేట, అన్నీ అటే. వలస అంటే అదే కదా. పిలిస్తే రాని దాని దగ్గరికి మనమే పోయి ఉండిపోవడం.

తర్వాత వచ్చే భాగం ఇంకా బాగుంటుంది. తిన్నడు పుక్కిట మొగలేటి నీళ్ళు పట్టుకొచ్చి లింగాన్ని తడుపుతాడు, జుట్టులో పూలు తెచ్చి రాలుస్తాడు, మాంసం రుచి చూసి మంచి ముక్కలు పెడతాడు. అతను వెళ్ళాక శివబ్రాహ్మణుడు వస్తాడు, ఎంగిలి చూసి గుండె పగిలిపోతుంది, అంతా కడిగి మళ్ళీ శాస్త్రప్రకారం చేస్తాడు. అతను వెళ్ళాక తిన్నడు వచ్చి ఆ ఆకులూ అక్షతలూ తీసేసి మళ్ళీ మాంసం పెడతాడు. ఒకే లింగం, రెండు షిఫ్టులు. ఇద్దరూ కలవరు. అర్చకుడికి తిన్నడు ఎముకల రూపంలో తెలుసు. తిన్నడికి అర్చకుడు ఎండిన పత్రి రూపంలో తెలుసు. ఒక ఊళ్ళోని రెండు పేటల గురించి ఇంత సరైన వర్ణన నేను ఇంకెక్కడా చదవలేదు. గాంధీ రోడ్డు లాడ్జీలో రూము ఖాళీ చేసి పోయినవాడికీ, తర్వాత వచ్చి దుప్పటి మార్చే ఆమెకీ మధ్య ఉన్న పరిచయం అదే కదా. ఆమె ఏ గట్టునుంచి వస్తుందో అతనికి తెలీదు. అతను ఏం తిన్నాడో, ఏం తాగాడో, రాత్రి నిద్రపోయాడో లేదో ఆమెకి తెలుసు.

అర్చకుణ్ణి ధూర్జటి విలన్ చెయ్యలేదు, గమనించండి. అతని బాధ నిజం. అతనిదీ ప్రేమే. చివర్లో దేవుడే అతన్ని చాటుగా ఉండి చూడమంటాడు. రెండో షిఫ్టు మనిషిని మొదటిసారి కళ్ళారా చూస్తాడు. మోక్షం సంగతి ఎట్లా ఉన్నా, ఆ చూడటమే కథలో అసలు సంఘటన అనిపిస్తుంది నాకు.

సినిమావాళ్ళకి మాత్రం కళ్ళే కావాలి. 1976లో బాపు 'భక్త కన్నప్ప' తీశారు, 2025లో 'కన్నప్ప' వచ్చింది. కొత్తది చాలా భాగం న్యూజిలాండ్‌లో తీశారు. పచ్చగా, బ్రహ్మాండంగా ఉంది. హాల్లో కూచుని మొగలేరు న్యూజిలాండ్‌లో పారడం చూస్తుంటే నాకు కోపం రాలేదు, కొంచెం అసూయ వచ్చింది. నీళ్ళు చూసి.

కాళహస్తిలో ఏరు ఉత్తరంగా తిరిగి గుడి పడమటి పక్కన పారుతుంది. కొండకీ ఏటికీ మధ్య గుడి. శివరాత్రి బ్రహ్మోత్సవాలు మొదలయ్యేది కొండ మీద కన్నప్ప దగ్గర ధ్వజారోహణంతో. అంటే మొదటి మర్యాద అతనిదే. కానీ అతని చోటు ఇప్పటికీ కొండ మీద, విడిగా. మర్యాద వేరు, పక్కన చోటు వేరు అని మా ప్రాంతానికి బాగా తెలుసు. ఇదే ఏటి నీళ్ళలో కాళహస్తి కలంకారీ గుడ్డలు ఉతికేవాళ్ళు. నిలవ నీళ్ళు పనికిరావు, పారే నీళ్ళే కావాలి, లేకపోతే రంగు పక్కకి అంటుకుంటుంది. బొమ్మ వేసిన కళాకారుడి పేరు పుస్తకాల్లో ఉంటుంది, పద్మశ్రీ కూడా వస్తుంది, రావాలి. నడుం లోతు నీళ్ళలో నిలబడి గుడ్డ ఆడించినవాళ్ళ పేరు గుడ్డ మీద ఉండదు.

ఇదే ఏటి ఒడ్డున, తిరుపతికీ కాళహస్తికీ మధ్యలో, గుడిమల్లం ఉంది. చూడకపోతే ఒకసారి పోయి రండి, పాపానాయుడుపేట మీదుగా పోవాలి. అక్కడి లింగం క్రీస్తుకి ముందుదని పండితులు చెప్తారు. దాని ముందు భాగంలో నిలబడ్డ శివుడి బొమ్మ చెక్కి ఉంది. ఒక చేతిలో కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసిన పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న చెంబు, భుజాన గొడ్డలి. నేను మొదటిసారి చూసినప్పుడు నాకు అనిపించిందొకటే. ఈయన వేటనుంచి ఇంటికి వస్తున్నాడు. తిన్నడు ఎవరిని మా ఊరికి రమ్మని బతిమాలాడో, ఆయన అప్పటికే ఆ ఊరివాడిలా ఉన్నాడు. ధూర్జటి గుడిమల్లం చూశాడని నేననడం లేదు. ఒకే ఏటి ఒడ్డున రాయి మీద ఒకటి, పద్యంలో ఒకటి ఎదురుపడితే పాఠకుడికి కలిగే ఆనందం గురించి చెప్తున్నాను.

ధూర్జటి తర్వాత అవతలి గట్టు గొంతు మళ్ళీ వినడానికి మనం చాలా కాలం ఆగాల్సి వచ్చింది. నామిని సుబ్రమణ్యం నాయుడి గురించి చెప్పాల్సింది చాలామంది చెప్పేశారు. యాస, హాస్యం, పేదరికం, అమ్మ. నేను ఒక్క విషయమే అంటాను. 'పచ్చనాకు సాక్షిగా' కానీ, 'సినబ్బ కథలు' కానీ చదివేటప్పుడు గమనించండి, యాస మాటల్లో మాత్రమే లేదు, కథనంలో కూడా ఉంది. అంతకుముందు చాలామంది పాత్రల చేత "యాడికి పోతా ఉండావు" అనిపించి, వెంటనే తాము మాత్రం "అని అతను ప్రశ్నించాడు" అని శుభ్రమైన భాషలోకి వచ్చేసేవాళ్ళు. అంటే రచయిత ఉత్తరపు గట్టున కుర్చీ వేసుకుని, దక్షిణపు గట్టు మాటలు విని రాసుకున్నట్టు. శివబ్రాహ్మణుడి లాగా, చాటునుంచి. నామిని ఆ కుర్చీ తీసేశాడు. చూసేవాడిదీ, చూడబడేవాడిదీ ఒకే భాష అయింది. 'మునికన్నడి సేద్యం'లో పంట గురించి చెప్పే గొంతు కూడా ఆ మడిలో కాళ్ళు పెట్టిన గొంతే. ఆ పుస్తకాల్లో పల్లె మధ్యలో ఉంటుంది. తిరుపతి ఎక్కడో అంచున. పని మీద పోయి వచ్చే చోటు. మ్యాపు తిరగేసి పట్టుకున్నట్టుంటుంది మొదటిసారి చదివేవాడికి.

నాకు నామినితో పేచీ కూడా ఉంది. ఆయన వచ్చాక మా జిల్లాలో కథ రాసే ప్రతివాడికీ యాస ఒక లైసెన్సు అయిపోయింది. నాలుగు "ఉండాది"లు, రెండు బూతులు, ఒక ముసలామె వేస్తే చిత్తూరు కథ తయారవుతుందనే భ్రమ. అది ఆయన తప్పు కాదు, మనది. యాస దానంతటది ఎవరినీ ఏరు దాటించదు. మధురాంతకం రాజారాం ఎంత శుభ్రమైన వచనం రాశారో చూడండి. బడిపంతులుగా దామలచెరువులో ఉండి, వందల కథలు రాసి, 1993లో సాహిత్య అకాడమీ అందుకున్నారు. ఆయన వాక్యం తెల్లపంచె కట్టుకుని ఉంటుంది. అయినా పల్లె మనిషి పక్కన అరుగు మీద కూచోవడం తెలిసిన వాక్యం అది. దారి ఒకటే లేదని చెప్పడానికి ఆయన పేరెత్తాను.

చిత్తూరు మిత్రులు ఈపాటికి నా మీద కోపంగా ఉంటారు, మాకు ఊరిలోంచే పారే నీవా ఉండగా మీ తిరుపతి గోలేంటని. ఉంది. గ్రీమ్స్‌పేటకి తెల్లదొర పేరుంది, కట్టమంచికి తన పేరే ఉంది. నీవా పారే ఆ ఊళ్ళో పేర్లు చాలు, ఎవరు ఎక్కణ్ణించి వచ్చారో తెలియడానికి. ఆ కట్టమంచినుంచే రామలింగారెడ్డి వచ్చారు. కాలేజీ రోజుల్లో 'ముసలమ్మ మరణం' రాశారు. చెరువు కట్ట నిలవడం కోసం ఒక కోడలిని బలి తీసుకున్న ఊరి కథ. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' రాసి ప్రబంధాలని నిలదీశారు. మన విమర్శ ఆధునికమైంది అక్కడినుంచి అంటాం. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం, ఆ విమర్శకుడు మొదట రాసింది నీళ్ళ గురించి, నీళ్ళకోసం ఎవరు పోవాలని ఊరు తీర్మానిస్తుందో దాని గురించి. ఈ సంగతిని మన విమర్శ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

ఇప్పుడు మా తరం దగ్గరికి వస్తా. ఈ నాలుగైదేళ్ళలో చదివిన తిరుపతి కథలు గుర్తు చేసుకుంటే ఒక నమూనా కనిపిస్తోంది. నడకదారి మెట్లు ఉంటాయి. తలనీలాలు ఉంటాయి. క్యూలో పరిచయమైన అపరిచితులుంటారు. లాడ్జీ గదిలో విడిపోయే జంట ఉంటుంది. దేవుడి మీద అలక ఉంటుంది, చివర్లో వాన పడుతుంది. బాగా రాస్తున్నారు, అందులో సందేహం లేదు. కానీ కథ చెప్పేవాడు తిరుపతిలో పుట్టినా సరే, చూపు మాత్రం యాత్రికుడిది. రైలు దిగినవాడి చూపు. ఊళ్ళో బతికేవాళ్ళు టీ అందించడానికో, ఆటో నడపడానికో వచ్చి పోతారు. ఏరు అయితే అసలు రాదు.

ఇదంతా వేరేవాళ్ళ మీద పెట్టి నేను తప్పించుకోను. నా మొదటి అచ్చు కథ అచ్చంగా ఇదే. పల్లెటూరి కుర్రాడు తిరుపతికి చదువుకోవడానికొచ్చి, బస్సు దిగి, గోపురం చూసి, తన చిన్నతనాన్ని తల్చుకుంటాడు. నలుగురు మెచ్చుకున్నారు. దాంట్లో ఏటికి ఒక్క వాక్యం లేదు. వారధి మీద బస్సుకి నిమిషం పట్టదు కాబట్టి నా కథకీ పట్టలేదు.

ఈలోపు ఏరు మారిపోయింది. ఇసుక లారీలెక్కి పోయింది. అవ్వ చెలమ తవ్విన చోట ఇప్పుడు ఎర్ర గట్టినేల, గుంతలు, ముళ్ళచెట్లు. పట్నం ఉత్తరంనుంచి జరుగుతూ జరుగుతూ గట్టు మీదికి వచ్చేసింది, కొన్ని చోట్ల గట్టు కిందికి కూడా దిగింది. 2021 నవంబరులో రెండు రోజులు ఎడతెగని వాన కురిస్తే, ఎండిపోయిందనుకున్న ఏరు లేచి వచ్చింది. తిరుచానూరు పక్క గట్టున ఉన్న ఇల్లు ఏట్లోకి ఒరిగిపోయే వీడియో దేశమంతా ఫోన్లలో చూసింది. అదే వారం అవతల రాయలచెరువు కట్ట కారుతోందని చుట్టూ పల్లెలు ఖాళీ చేయించారు. అవ్వని మా ఇంటికి తీసుకొచ్చాం. ఒకే వాన. ఇటు పక్కది వీడియో అయింది, అటు పక్కది జిల్లా పేజీలో వార్త అయింది. ఏది కథ అవుతుందో చూద్దామని ఎదురుచూశాను. ఇప్పటిదాకా నా కంట పడలేదు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయి తిరుపతి జిల్లా వచ్చింది. కాళహస్తి, గుడిమల్లం, అవ్వ ఊరు అన్నీ ఒకే జిల్లాలోకి చేరాయి. కాగితం మీద రెండు గట్లూ ఇప్పుడు తిరుపతే.

ఖాళీ చేయించిన ఆ వారంలోనే, కరెంటు లేని ఒక సాయంత్రం, అవ్వకి నా కథ చదివి వినిపించాను. ఆమెకి అక్షరాలు రావు. శ్రద్ధగా వినింది. అయిపోయాక కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది.

"వాడు ఈ పక్కకి ఎట్లొచ్చినాడు నాయినా? ఏరు దాటింది యాడా రాయలేదే?"

"బస్సులో వచ్చినాడవ్వా. వారధి మింద నిమిషంలో దాటేస్తాది."

"నీకు నిమిషం. మేము పాలక్యాన్లు నెత్తిన పెట్టుకోని ఒగోపొద్దు మాపుదాకా ఆ గట్టు మిందనే కూసోనుంటిమి. నీళ్ళు తగ్గితేనే గదా."

"మరి పాలు?"

"పాలేమైతాయి, ఇరిగిపోతాయి. ఏట్లోనే పోసేసి ఇంటికి తిరుక్కోని వచ్చేది. మీ తాతకి ఏమి చెప్పల్లా అని దారంతా అదే దిగులు."

ఇరవై ఎనిమిదేళ్ళొచ్చినా ఈ సంగతి నాకు తెలీదు. ఎన్నేళ్ళు అట్లా దాటావు అంటే చెప్పలేకపోయింది. అమ్మ కడుపులో ఉన్నప్పుడు కూడా దాటానంది. నీళ్ళు ఎంత లోతుండేవని అడిగాను. చీకట్లో చెయ్యి నడుం దగ్గర పెట్టి చూపించింది, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు కొంచెం పైకి జరిపింది.